మా ట్రంకు పెట్టెను తీసుకోండి, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడల శాఖ మంత్రిగారికి,

విజయనగరం జిల్లా నుంచి ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. స్టేడియం కట్టించమని అడగడానికో, సన్మానం కోసమో రాయడం లేదు. మా ఇంట్లో మంచం కింద ఒక ట్రంకు పెట్టె ఉంది. దాన్ని ప్రభుత్వం తీసుకోవాలని నా మనవి.

అందులో ఉన్నవి స్కోరు కాగితాలు. ముప్పై ఏళ్ళకు పైగా వెయిట్ లిఫ్టింగ్, పవర్ లిఫ్టింగ్ పోటీల్లో రిఫరీగా కూర్చున్నాను. పోటీ ముగిశాక బల్ల మీద మిగిలిపోయిన కార్బన్ నకళ్ళను మడిచి జేబులో పెట్టుకోవడం అలవాటైంది. మా గురువుగారు పోతూ పోతూ నాకు అప్పగించినవి మరికొన్ని ఉన్నాయి. ఆయన కాగితాల్లో కొన్నిటికి ‘ప్రెస్’ అని ఇంకో గడి ఉంటుంది. ప్రెస్ అంటే బార్‌ను భుజాల దగ్గర నుంచి చేతుల బలంతో తల మీదకు నెట్టడం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్‌ను రద్దు చేసి స్నాచ్ (నేల నుంచి ఒక్క ఊపులో తల మీదకు ఎత్తడం), క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాలకు, అక్కణ్ణుంచి తల మీదకు ఎత్తడం) మాత్రమే ఉంచారు. అందుకని ఆ గడి కనిపిస్తే కాగితం వయసు ఇట్టే తెలిసిపోతుంది.

బరువులెత్తడం మా ప్రాంతానికి పోటీల కంటే ముందే తెలుసు. సంక్రాంతికి సంగిడి రాళ్ళెత్తే పందేలు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ జరుగుతాయి. కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టినవారు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నారని, ఇనుప గొలుసులు తెంచారని, కదిలే కార్లను పట్టి ఆపారని మా తాతలు చెప్పగా విన్నాం. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. ఆ తర్వాతి తరంలో కృష్ణా జిల్లా నుంచి దండమూడి రాజగోపాలరావు గారు వచ్చారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో పోటీ చేశారు, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారు, ఆ దేహంతోనే సినిమాలో భీముడి వేషమూ కట్టారు. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. సంతోషమే. కానీ మా కుర్రాళ్ళను అడిగి చూడండి, రామమూర్తి గారి ఏనుగు కథ అందరికీ వచ్చు, రాజగోపాలరావు గారు ఎన్ని కిలోలు ఎత్తారో ఒక్కరూ చెప్పలేరు. మల్లయోధుడికి కథ ఉంటే చాలు. లిఫ్టర్‌కు మాత్రం అంకె కావాలి. మనం కథలు దాచుకుని అంకెలు పారేసుకున్నాం.

అంకె ఎంత పని చేస్తుందో కరణం మల్లేశ్వరి సిడ్నీ స్కోరు చూస్తే తెలుస్తుంది. ఆమె పెరిగింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. తొలి పాఠాలు నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారు. 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. అంతవరకు పాఠ్యపుస్తకాల్లోనూ దొరుకుతుంది. స్కోరు కాగితం దగ్గరకు వెళ్తేనే అసలు పోటీ కనబడుతుంది. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఇద్దరిదీ మొత్తం 242.5 కిలోలే. శరీర బరువు తక్కువగా ఉన్నందుకు చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. మల్లేశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్ళి విఫలమయ్యారు. ఎత్తి ఉంటే మొత్తం 247.5. ఆ కొట్టివేసిన 137.5ను ఎప్పుడు చూసినా నాకు ఇప్పటికీ గుండె ఒక్కసారి ఆగుతుంది. పతకాల పట్టికలో ఆ అంకె కనిపించదు. శరీర బరువు గడి, తప్పిన ప్రయత్నాల గడి లేకుండా బరువులెత్తే పోటీ చరిత్ర రాయలేం.

సిడ్నీ కాగితాన్ని ఎవరో భద్రంగా ఉంచారు కాబట్టి ఇదంతా రాయగలిగాను. మన జిల్లా, రాష్ట్ర పోటీల కాగితాలు ఎవరు ఉంచారు?

ఒక సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం ఒకామె మా ఇంటికి వచ్చింది. పేరు రాయను. 1996లో రాష్ట్ర జూనియర్ పోటీల్లో 46 కిలోల విభాగంలో మూడో స్థానం ఆమెది. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటులో ఆయాగా పని చేస్తోంది. పాత క్రీడాకారులకు ఇచ్చే సాయానికి దరఖాస్తు పెడితే, ఒక కార్యాలయంలో అసలు ధ్రువపత్రం తెమ్మన్నారట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు వాళ్ళింటి పైకప్పు రేకులే ఎగిరిపోయాయి, ధ్రువపత్రం ఎక్కడ మిగులుతుంది? “మాస్టారూ, ఆ రోజు మీరు బల్ల దగ్గర ఉన్నారు కదా” అంది.

ఇద్దరం కూర్చుని పెట్టె తెరిచాం. గంటన్నర వెతికితే దొరికింది. నీలం కార్బన్ వెలిసి బూడిద రంగుకు తిరిగింది, అంచున ఎవరిదో సుద్ద పట్టిన బొటనవేలి ముద్ర. ఆమె శరీర బరువు 45.60. స్నాచ్: 50, కొట్టివేసిన 55, మళ్ళీ 55. జర్క్: 65, 70, కొట్టివేసిన 72.5. మొత్తం 125. కింద ముగ్గురు రిఫరీల సంతకాలు, మూడోది నాది. ఆమె కొట్టివేసిన 72.5 మీద వేలు పెట్టి, “మోచేయి కదిలిందని మీరే ఎర్రదీపం వేశారు” అంది. నవ్వుతూనే అంది, కానీ మర్చిపోలేదు. నిజానికి మోచేయి కదిలింది. ఆ విషయంలో నేను ఈ రోజుకీ తగ్గను.

ఆ కాగితం పట్టుకెళ్తే, ప్రైవేటు వ్యక్తి దగ్గరి నకలు చెల్లదని తిప్పి పంపారు. “పాత రికార్డుల పట్టికలో మీ పేరు లేదు” అని కూడా అన్నారట. ఎలా ఉంటుంది? అంతర్జాతీయ సమాఖ్య శరీర బరువు విభాగాలను 1993లో ఒకసారి, 1998లో ఒకసారి, 2018లో ఇంకోసారి, 2025లో మళ్ళీ మార్చింది. మార్చిన ప్రతిసారీ పాత రికార్డులు మూసేసి కొత్త పట్టిక మొదలుపెడతారు. ఆమె ఎత్తిన 46 కిలోల విభాగమే ఇప్పుడు లేదు. మనిషి ఉంది, ఎత్తిన బరువు ఉంది, ఎక్కించడానికి గడి లేదు. పాత పట్టికలను విడిగా దాచి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

పవర్ లిఫ్టింగ్ వాళ్ళ పరిస్థితి ఇంకా అన్యాయం. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మూడూ కలిపి తొమ్మిది ప్రయత్నాలు, పెద్ద కాగితం. ఒలింపిక్స్‌లో లేని ఆట అని మా వెయిట్ లిఫ్టర్లలోనే కొందరికి చిన్నచూపు. ఒకప్పుడు నాకూ ఉండేది, దాచడమెందుకు? భుజం పోయి స్నాచ్ మానేసిన నా శిష్యులే డెడ్‌లిఫ్ట్ బార్ పట్టుకుని మళ్ళీ మనుషులైనప్పుడు అది పోయింది. ఈ ఆటలో సంఘాలు ఒకటికి మించి ఉన్నాయి, ఎవరి ధ్రువపత్రం వారిది. ఏది చెల్లుతుందో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే దాకా పిల్లలకు తెలియదు. అన్నట్టు, బెంచ్ ప్రెస్ ఒక్కటే ఉండే పారా పవర్ లిఫ్టింగ్ పారాలింపిక్స్‌లో ఉంది. మహిళలకు అందులో తొలి అవకాశం వచ్చింది కూడా అదే 2000లో, అదే సిడ్నీలో.

ఈ ఆట మన దగ్గర ఆగిపోయి ఉంటే ఇంత బతిమాలను. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మూడో స్థానంలో నిలిచి, గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో రజతం అందుకుంది. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి స్వర్ణం తెచ్చాడు. ఆ ఊరి పేరు చెబితే బ్రిటిష్ వాళ్ళు వేసిన నేరస్థుల ముద్ర గుర్తుకొచ్చేవాళ్ళకు ఆ 338 జవాబు. 2022లో మెక్సికోలో జరిగిన యూత్ ప్రపంచ పోటీల్లో మా జిల్లా కుర్రాడు సనాపతి గురునాయుడు 55 కిలోల విభాగంలో 230 కిలోలతో స్వర్ణం గెలిచాడు. మన దేశానికి ఆ పోటీల్లో అదే మొదటి స్వర్ణం. వీళ్ళ పెద్ద అంకెలు ప్రపంచమంతా ఉన్నాయి. పన్నెండేళ్ళ వయసులో మన పల్లె పోటీల్లో ఎత్తిన చిన్న అంకెలు మాత్రం నాలాంటివాళ్ళ మంచాల కింద ఉన్నాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. నాలాంటి పాత రిఫరీలు, కోచ్‌లు జిల్లాకు నలుగురైదుగురు ఉంటారు, అందరం డెబ్భై దగ్గర పడ్డవాళ్ళమే. మీ శాఖ నుంచి ఒక మనిషిని, ఒక స్కానరును పంపండి. కాగితాల నకళ్ళు తీసి, విభాగాలు మారినా చెరిగిపోని ఒక రిజిస్టరు పెట్టండి. తప్పిన ప్రయత్నాలూ ఎక్కించండి. అందులో పేరున్నవారికి మీ శాఖే ముద్ర వేసి ధ్రువీకరణ ఇవ్వండి. ఇకపై ప్రతి జిల్లా పోటీ స్కోరు కాగితం వారంలోగా ఆ రిజిస్టరుకు చేరాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి.

ట్రంకు తాళం చెవి మా దేవుడి గదిలో మేకుకు వేలాడుతుంది. ఎప్పుడు వచ్చినా ఇంట్లో ఎవరో ఒకరం ఉంటాం. వర్షాలకు ముందే వస్తే మేలు. పోయినేడు అడుగున ఉన్న కట్టకు చెద పట్టింది, 1980ల నాటి కాగితాలు పదకొండు పోయాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా