కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన బైలా నియమం. బోరు, వీధి దీపాలు, చెత్త బండి పనులు ఎప్పటిలాగే సాగాయి. వినాయక చవితి, బతుకమ్మ బాగా జరిగాయి. ఈసారి నేను ఎక్కువగా చెప్పాల్సింది ఆరో వీధి చివరి గోడ గురించి.

ఆ గోడ మందం తొమ్మిది అంగుళాలు. ఇవతలి ఇంటి నుంచి అవతలి ఇంటికి వెళ్లాలంటే మాత్రం వరంగల్ హైవే ఎక్కి, యూటర్న్ దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి పక్క వెంచర్ కమాన్‌లోంచి లోపలికి రావాలి. నా స్కూటర్ మీద కొలిస్తే రెండున్నర కిలోమీటర్లు వచ్చింది. బడి, మెడికల్ షాపు రెండూ అటువైపే. గోడ మూల విరిగిన చోట ఎవరో నాలుగు సిమెంటు ఇటుకలు పేర్చి మెట్లు చేశారు. పొద్దున ఎనిమిదింటికి ముందు స్కూలు బ్యాగులు అవతల పడేవి. తర్వాత టిఫిన్ డబ్బాలు చేతికి చేతికి అందించుకునేవాళ్లు. ఆ తర్వాత పిల్లలు దూకేవాళ్లు. ఆగస్టు వానల్లో ఒక పాప జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుంది. ఆ సాయంత్రమే కార్యవర్గం కూర్చుని, ఈ ఏడాది ఇంకే పనైనా ఆగవచ్చు గాని ఇది ఆగకూడదని తీర్మానించింది.

ఆ గోడ మన మీద పగతో కట్టింది కాదు. మన వైపు ఊరు పెరిగిన తీరే అది. సర్వే నంబర్ల వారీగా భూములు కొన్నారు, పొలం గట్టు దగ్గర లేఅవుట్ ఆగిపోయింది. ఎవరి వెంచర్‌కు వాళ్లు హైవే వైపు ఒక కమాన్ పెట్టుకున్నారు. పక్క పొలం కూడా ప్లాట్లయ్యాక రెండు వైపుల రోడ్లూ కలవాలని ఎవరూ పట్టించుకోలేదు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, దాని లోపల నగరం అల్లుకుపోతూనే ఉంది. మనకేమో పక్క వీధిలో పాల ప్యాకెట్ కొనాలన్నా హైవేనే దిక్కు. ఈ హైవే మీదే ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్, అంటే పొడవాటి ఫ్లైఓవర్, పనులు 2018లో మొదలయ్యాయి. అది పూర్తయితే దూరం వెళ్లే బండ్లు పైనుంచి పోతాయి, సంతోషమే. కానీ కూరగాయలకు, ట్యూషన్‌కు వెళ్లే మన బండ్లు కిందే ఉంటాయి. వీధులు కలిస్తే తప్ప వాటికి వేరే దారి లేదు.

ఈ పనికి ప్రాణం పోసింది మన రిటైర్డ్ సర్వేయర్ గారు. రెండు లేఅవుట్ల నక్షాలు మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, స్కేలు పెట్టి చూపించారు: మన నలభై అడుగుల రోడ్డు, వాళ్ల నలభై అడుగుల రోడ్డు సరిగ్గా ఆ గోడ దగ్గరే ఎదురెదురుగా వస్తున్నాయి. లేఅవుట్ రోడ్లు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకు అప్పగించినవే కాబట్టి, గోడ నిలబడింది ప్రజల రోడ్డు మీద. ఆయన మోకాళ్ల నొప్పితోనే టేపు పట్టుకుని రెండు వైపులా కొలిచారు. ఆయనకు ఈ కాలనీ రుణపడి ఉంది.

ఇన్నేళ్లు ఎందుకు కదల్లేదంటే, మనది మున్సిపాలిటీ, అవతలిది గ్రామ పంచాయతీ. ఎవరిని అడిగినా మా పరిధి కాదనేవారు. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలపడంతో గోడకు రెండు వైపులా ఒకే ఆఫీసు అయింది. అయినా ఏడుసార్లు తిరిగాం. ఒకసారి ఫైలు పాత పంచాయతీలో ఉందన్నారు, ఒకసారి సర్వే రిపోర్టు కావాలన్నారు, ఒకసారి సారు లీవులో ఉన్నారన్నారు. పాప చెయ్యి విరిగిన ఫొటో పెట్టినా ఎవరూ వచ్చి చూడలేదంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

చివరికి దారి చూపింది పక్క కాలనీ పెద్దలే. బయటి బండ్లు వస్తాయి, దొంగతనాలు జరుగుతాయి అన్నది వాళ్ల టెన్షన్. వాళ్ల గుడి మంటపంలో మూడుసార్లు కూర్చుని మాట్లాడాం. ప్రస్తుతానికి పన్నెండు అడుగులు తెరవాలని, నడిచేవాళ్లకు, టూవీలర్లకే దారి ఇవ్వాలని, మధ్యలో తాళం వేసే ఇనుప స్తంభం పెట్టి అంబులెన్స్ కోసం తాళంచెవులు ఇద్దరు వాచ్‌మన్ల దగ్గరా ఉంచాలని ఒప్పుకున్నాం. కెమెరా ఖర్చు మనది. ఆ తర్వాతే ఆఫీసు నుంచి అనుమతి కాగితం వచ్చింది.

జనవరి 12, ఆదివారం గోడ తెరిచాం. మర్నాడు భోగి. తెల్లవారుజామున రెండు కాలనీల ఆడవాళ్లు కలిసి, గోడ పునాది గుర్తు ఇంకా కనిపిస్తున్న చోటు మీదుగా ఇటు నుంచి అటు ఒకటే ముగ్గు వేశారు. మూడో వీధి మహిళా బృందానికి, ఉచితంగా శిథిలాలు ఎత్తిన జేసీబీ యజమానికి, టీలు పంపిన టిఫిన్ సెంటర్ వారికి, పక్క కాలనీ కమిటీకి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. వాట్సాప్‌లో మద్దతు తెలిపినవాళ్లు ఎందరో. సంతకాల సేకరణకు ఇల్లిల్లూ తిరిగింది నలుగురం. ఆఫీసుకు వచ్చింది ఇద్దరం. కార్యవర్గంలో పేరున్నవాళ్లు కనీసం నెలకో ఆదివారం ఇవ్వలేకపోతే ఆ స్థానం ఇంకొకరికి వదలాలని కోరుతున్నాను.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం) 25 శాతం రాయితీ గడువులోగా ఫీజు కట్టేందుకు మార్చిలో సహాయ శిబిరం పెట్టాం. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో మీ చేతిలో ఉంది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

తూర్పు వైపు పొలంలో కొత్త వెంచర్‌కు హద్దు రాళ్లు పాతుతున్నారు. వాళ్లు కాంపౌండ్ కట్టకముందే మన రెండో వీధి వాళ్ల రోడ్డుతో కలిసేలా వినతిపత్రం ఇవ్వాలి. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి కొలతలు తీస్తాం. పది మంది కావాలి. రిజిస్టర్ గుమ్మం దగ్గరే ఉంది, పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి