మేరీని ఎలిజబెత్ చంపించలేదు

సంపాదకుల గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ రాణుల మీద వచ్చిన వ్యాసం చదివాను. మన పత్రికల్లో ఇలాంటివి రావడమే తక్కువ, అందుకు థ్యాంక్స్. కానీ "రక్తపిపాసి మేరీని చెల్లెలు ఎలిజబెత్ తల నరికించింది" అని రాశారు చూడండి, అది మాత్రం శుద్ధ తప్పు. 1587 ఫిబ్రవరిలో ఫోదరింగే కోటలో తల నరికించింది స్కాట్లండ్ రాణి మేరీకి. ఆవిడ ఎలిజబెత్‌కి అక్క కాదు, మేనత్త మార్గరెట్ మనవరాలు. ఎలిజబెత్ సవతి అక్క మేరీ అప్పటికి పోయి 28 ఏళ్లు దాటింది. 1558 నవంబర్ 17న, 42 ఏళ్ల వయసులో, జబ్బు చేసి సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో పోయింది. మీరు వేసిన బొమ్మ కూడా స్కాట్లండ్ ఆవిడదే.

పేర్లు కలవడం వల్ల పొరపాటు జరిగింది, సరే. నా అసలు అభ్యంతరం వేరే. అక్కకి మూడు లైన్లు, అందులో రెండు ఆమె హయాంలో మనుషుల్ని కాల్చిన చితిమంటల మీదే. చెల్లెలికి పేజీన్నర పొగడ్త. అక్క వేసిన దారిలోనే చెల్లెలు నడిచిందన్న మాట ఎక్కడా లేదు.

మేరీ 1516 ఫిబ్రవరిలో పుట్టింది. ఎనిమిదో హెన్రీకి, మొదటి భార్య కేథరీన్‌కి పుట్టినవాళ్లలో బతికి పెద్దయింది ఈ పిల్ల ఒక్కతే. కొడుకు కావాలని, ఆన్ బొలీన్ మీద మనసుపడి, ఆ రాజు 1533లో మొదటి పెళ్లి అసలు పెళ్లే కాదనిపించుకున్నాడు. దాంతో పదిహేడేళ్ల యువరాణి ఒక్కసారిగా అక్రమ సంతానం అయిపోయింది, 'ప్రిన్సెస్' అనే బిరుదు పోయింది, ఆ ఏడాది చివర్లో హాట్‌ఫీల్డ్‌లో ఆన్ బొలీన్‌కి పుట్టిన పసిపాప ఎలిజబెత్ కోసం పెట్టిన ఇంట్లో ఒక మూల ఉండమన్నారు. 1531 తర్వాత తల్లిని మళ్లీ చూడనివ్వలేదు. 1536 జనవరిలో తల్లి పోయింది, అదే ఏడాది జూన్‌లో తన తల్లిదండ్రుల పెళ్లి చెల్లదని ఈమె చేతే సంతకం పెట్టించారు. ఆమె చేసిన వాటికి ఇది సాకు అనను, కానీ పాత మతం, అంటే కాథలిక్ మతం, ఆమెకి అమ్మ పక్షం అని తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఇక 1553 జూలై. తండ్రి తర్వాత రాజైన తమ్ముడు ఆరో ఎడ్వర్డ్ 15 ఏళ్లకే పోయాడు. పోతూ పోతూ అక్కలిద్దరినీ పక్కన పెట్టి, ఇంకో మేనత్త మనవరాలు జేన్ గ్రేకి రాజ్యం రాశాడు. వెనకుండి నడిపించినవాడు నార్తంబర్లాండ్ డ్యూక్, జేన్‌ని కోడలిగా తెచ్చుకుంది అందుకే. లండన్, ఖజానా, టవర్ కోట, సైన్యం అన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. మేరీ ఏం చేసింది? దేశం వదిలి పారిపోలేదు. ముందు కెన్నింగ్‌హాల్, అక్కణ్ణుంచి సఫక్‌లోని ఫ్రామ్లింగ్‌హామ్ కోట చేరి, నేనే రాణినని ఊరూరికీ ఉత్తరాలు పంపింది. జనం కదిలారు, ఆమెని ఆపడానికి పంపిన ఓడల్లోని నావికులు కూడా ఆమె వైపే తిరిగారు, జూలై 19న లండన్‌లో ఆమెనే రాణిగా ప్రకటించారు. ఆ వందేళ్లలో ఇంగ్లండ్ రాజధానిని ఎదిరించి గెలిచిన తిరుగుబాటు ఇంకొకటి నాకైతే గుర్తు రావడం లేదు.

అంతకుముందు ఇంగ్లండ్‌లో పట్టాభిషేకం జరిగి సొంత హక్కుతో ఏలిన ఆడది లేదు. ఆ అక్టోబర్ 1న వెస్ట్‌మినిస్టర్‌లో మేరీకి జరిగిందే మొదటిది. 1554లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, రాజుకి ఉండే అధికారాలన్నీ రాణికీ పూర్తిగా ఉంటాయని. అదే ఏడాది జూలైలో స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ని పెళ్లాడింది కానీ అతను సొంతంగా పదవులు పంచడానికి వీల్లేదని, ఆమె పోతే అతనికి రాజ్యం రాదని ఒప్పందంలో ముందే రాయించారు. చెల్లెలు గద్దె ఎక్కేనాటికి ఆడది ఏలొచ్చా అనే ప్రశ్నకి చట్టంలో జవాబు రెడీగా ఉంది. వాటాదార్ల డబ్బుతో రష్యా వ్యాపారం నడిపే మస్కోవీ కంపెనీకి 1555లో చార్టర్ ఇచ్చింది కూడా మేరీ హయాంలోనే. 1611లో మన మచిలీపట్నంలో దుకాణం తెరిచిన ఈస్టిండియా కంపెనీ ఆ పద్ధతిలో పుట్టిందే.

మంటల సంగతి దాచనక్కర్లేదు. 1555 ఫిబ్రవరిలో జాన్ రోజర్స్‌తో మొదలై ఆమె చచ్చేదాకా పాత మతం వదిలిన ప్రొటెస్టెంట్లని సుమారు 280 మందిని బతికుండగా కాల్చారు. బిషప్పులు కొందరే, ఎక్కువమంది నేతగాళ్లు, కూలీలు, చేతిపనివాళ్లు, యాభై మందికి పైగా ఆడవాళ్లు. ఆర్చిబిషప్ క్రాన్మర్ తప్పు ఒప్పుకుంటూ కాగితాలు రాసిచ్చినా వదల్లేదు, మేరీ తల్లి పెళ్లి రద్దు చేసింది అతనే కదా. అతను చివరి నిమిషంలో మాట వెనక్కి తీసుకుని, సంతకం పెట్టిన కుడిచేతినే ముందు మంటలో పెట్టాడు. ఆ కాలానికి కూడా అంత తక్కువ టైమ్‌లో అన్ని చితులు ఎక్కువే, దీన్ని నేను సమర్థించను. అయితే ఎలిజబెత్ కాలంలో 1569 ఉత్తరాది తిరుగుబాటు తర్వాత వందల మందిని ఉరి తీశారు, వంద మందికి పైగా కాథలిక్ ప్రీస్టులకి మరణశిక్ష వేశారు. రాజద్రోహం అని పేరు పెట్టారు కాబట్టి అది మీ వ్యాసంలోకి రాలేదు. జాన్ ఫాక్స్ 1563లో ఇంగ్లీషులో అచ్చేసిన అమరవీరుల గ్రంథం అక్క మీద ముద్ర వేసింది, చెల్లెలి మీద అలాంటి పుస్తకం ఇంగ్లండ్‌లో అచ్చువేసుకునే వీలు ఎవరికుంది?

మిగతావి ఆమె దురదృష్టాలు. 1555లో కడుపుతో ఉన్నానని నమ్మి నెలల తరబడి గదిలో ఉండిపోయింది, బిడ్డ లేదు. 1558 జనవరిలో ఇంగ్లండ్ చేతిలో ఉన్న కాలే పట్టణాన్ని ఫ్రెంచివాళ్లు లాక్కున్నారు. గద్దె మీద ఉన్నది ఐదేళ్లు మాత్రమే, చెల్లెలికి 44 ఏళ్లు దొరికాయి.

కాబట్టి సవరణ వేయండి, లోపలి పేజీలో చిన్న అక్షరాలతో కాదు, ఆ అనుబంధంలోనే. బొమ్మ కావాలంటే 1554లో అంటోనిస్ మోర్ వేసింది ఉంది, మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో. కుర్చీలో కూర్చుని చేతిలో ఎర్రగులాబీ పట్టుకున్నావిడే మీ వ్యాసంలోని మేరీ.

ఇట్లు
ఒక పాత పాఠకురాలు, విజయవాడ