వార్షిక నివేదిక: మొగలో డాల్ఫిన్లు, ఒడ్డున గూళ్లు, ఎగువన కాలువలు

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది మన సంఘం చేసిన పనిని కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా అందుతుంది. ఇక్కడ రాసేది పని గురించే.

మన సంఘం అనగానే బయటివారికి గుర్తొచ్చేది ఒడ్డున చెత్త ఏరడం. ఆ పని ఆగలేదు, ఆగకూడదు కూడా. కానీ మనం చేసే పనులన్నిటిలో డాల్ఫిన్లకు ఎక్కువ మేలు చేసేవి రెండు: ఎగువన కాలువల తూముల దగ్గర కావలి, మత్స్యకారులతో మాటామంతీ. ఈ రెంటికీ మనుషులు చాలడం లేదు. రాబోయే ఏడాది మన శక్తిని అటు మళ్లించాలన్నది కార్యవర్గం ప్రతిపాదన. అందుకే ఆ రెండు విషయాల మీద ఎక్కువ రాశాను, మిగతావి క్లుప్తంగా ముగించాను.

డాల్ఫిన్ల పుస్తకం

మన మొగలో, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోట, తిరిగేవి బాటిల్‌నోస్ డాల్ఫిన్లు. ఒక్కోదాన్నీ వీపు రెక్క వెనక అంచును బట్టి గుర్తుపడతాం. తోటి డాల్ఫిన్ల పళ్లు, వలతాళ్లు, పడవ పంకాలు చేసిన గాట్లు అక్కడ ఏళ్ల తరబడి చెరిగిపోకుండా ఉంటాయి. ఫ్లోరిడాలోని సరసోటా అఖాతంలో 1970 నుంచి ఇదే పద్ధతిలో డాల్ఫిన్లను తరాల వారీగా గమనిస్తున్నారు. స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్ల మీద ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాలంగా నడుస్తున్న పరిశోధన అది. ఖరీదైన పరికరాలకంటే ఓపిగ్గా తీసిన ఫొటోలు, తేదీ వేసి దాచిన నోటు పుస్తకాలు అక్కడ ఎక్కువ పనికొచ్చాయి. అవి మనకూ సాధ్యమే.

మన పుస్తకంలో ఈ ఏడాది అందరూ ఎదురుచూసిన పేజీ 'రెండు గాట్ల తల్లి'ది. పిల్లతో కనిపించింది. పిల్ల తల్లి పక్కటెముకలకు ఆనుకున్నట్టే ఈదుతోంది. తల్లి శరీరం చీల్చుకుపోయే నీటి ఊపులో దానికి శ్రమ తగ్గుతుంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే పిల్ల ఒంటి మీద లేత రంగు నిలువు చారలు కనిపించాయి. కడుపులో ముడుచుకుని ఉన్నప్పుడు పడిన మడతల గుర్తులవి, పుట్టాక కొన్ని నెలలపాటు ఉంటాయి. అంటే పిల్ల పుట్టి ఎక్కువ కాలం కాలేదన్నమాట.

ఈ జాతి ఆడ డాల్ఫిన్ సుమారు 12 నెలలు మోసి ఒకే పిల్లను కంటుంది. ఏడాదిన్నర, రెండేళ్లు పాలిస్తుంది. మళ్లీ ఈనేసరికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది. కాబట్టి ఒక్క తల్లి వలలో పోయినా ఆ లోటు ఒకటి రెండేళ్లలో పూడేది కాదు.

పరిశీలకులకు ఒక విన్నపం. డాల్ఫిన్లు కనబడని రోజు కూడా పుస్తకంలో రాయండి. పోటు ఎంత ఉంది, నీరు ఏ రంగులో ఉంది, ఎంతసేపు చూశారు, ఏమీ కనబడలేదు అని నాలుగు ముక్కలు చాలు. కనిపించిన రోజులే రాస్తే డాల్ఫిన్లు తగ్గుతున్నాయో, మనం చూడటం తగ్గించామో ఎప్పటికీ తేలదు.

పడవల సంగతి. డాల్ఫిన్లకు కనీసం 50 మీటర్ల దూరం పాటించాలని చాలా దేశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనమూ అదే కొలత పెట్టుకున్నాం. వెనకనుంచి తరమకూడదు, ఎదురుగా అడ్డం వెళ్లకూడదు, తల్లీపిల్లల మధ్యకు అసలే పోకూడదు. విహార పడవలు నడిపేవారిలో చాలామంది ఒప్పుకున్నారు, కొందరు ఇంకా ఒప్పుకోవడం లేదు. వారితో గొడవకు దిగవద్దని కార్యవర్గం కోరుతోంది. ఎన్నిసార్లయినా కూర్చుని మాట్లాడదాం.

డాల్ఫిన్లకు చేపలు వేసి మచ్చిక చేసుకోవాలన్న ఆలోచన సందర్శకులలోనే కాదు, మన కొత్త సభ్యులలోనూ అప్పుడప్పుడు వస్తోంది. దయచేసి వద్దు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మంకీ మియాలో ఒడ్డున మేపు అలవాటైన తల్లుల పిల్లలు ఎక్కువగా చనిపోతున్నాయని గమనించి, 1990ల మధ్యలో అక్కడ మేపే నిబంధనలను గట్టిగా బిగించారు. తల్లి ఒడ్డున చేయి చాపి నిలబడిన మనిషి దగ్గర కాలం గడిపితే, పిల్లకు పాలూ అందవు, వేటా అబ్బదు.

వలలు

ఈ విభాగం రాయడానికి మనసు ఒప్పడం లేదు, అయినా రాయాలి. ఈ ఏడాది చనిపోయిన డాల్ఫిన్ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ముట్టెకు రెండు వైపులా, రెక్కల మొదళ్ల దగ్గర సన్నని గీతలు చర్మంలోకి దిగి ఉన్నాయి. నైలాన్ వల కంటి గుర్తులవి. డాల్ఫిన్ చేప కాదు, గాలి పీల్చే జంతువు. నీటి అడుగున వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో ఉండే, డాల్ఫిన్‌ను పోలిన వాకీటాను అంతరించే స్థితికి తెచ్చినవి ఇలాంటి వలలే. 1958లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన ఆ చిన్న జీవులు ఇప్పుడు పదికి అటూ ఇటూ మిగిలాయి. అక్కడ వలలు వేసింది వాకీటా కోసం కాదు, తోతోవాబా అనే చేప కోసం.

ఆ డాల్ఫిన్ సంగతి మనకు చెప్పింది ఒక మత్స్యకారుడు. ఈ విషయాన్ని సభ్యులందరూ బాగా మనసులో పెట్టుకోవాలి. నేరం మీద పడుతుందన్న భయంతో ఎవరూ నోరు మెదపని చోట ఏ సంఘమూ ఏమీ చేయలేదు. అందుకే మన పుస్తకంలో ఎవరి వల, ఏ పడవ అన్న వివరాలు రాయం. ఎక్కడ, ఎంత లోతున, ఏ వేళ, ఎలాంటి వల అన్నంత వరకే రాస్తాం. ఈ కట్టుబాటును ఎవరు మీరినా, నెలల తరబడి కూర్చుని మాట్లాడి సంపాదించిన నమ్మకం ఒక్కరోజులో పోతుంది.

చిరిగిన వలలు, తెగిన గాలం దారాలు వెనక్కి తెచ్చి వేయడానికి రేవు దగ్గర తొట్టెలు పెట్టాం. అవి నిండుతున్నాయి. నీటిలో వదిలేసిన నైలాన్ వల కుళ్లదు. వేసినవారు మరిచిపోయాక కూడా చేపలను, తాబేళ్లను పడుతూనే ఉంటుంది. శబ్దం చేసి డాల్ఫిన్లను వలలకు దూరంగా ఉంచే పింగర్లు కొనాలని కొందరు సభ్యులు అడిగారు. డాల్ఫిన్‌ను పోలిన హార్బర్ పోర్పాయిస్ అనే చిన్న జంతువు విషయంలో అవి బాగా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. బాటిల్‌నోస్ విషయంలో అంత గట్టి ఫలితాలు లేవు. కాబట్టి ప్రస్తుతానికి ఆ ఖర్చు పెట్టలేదు.

కాలువలు

అసలు పని ఇక్కడ ఉంది.

తూముల దగ్గర ఇనుప చట్రానికి జాలీ బిగించి చెత్త పట్టే ఏర్పాటు చేశాం. ఎండలు ముగిసి మొదటి వాన పడ్డప్పుడు చూడాలి ఆ జాలీలను. నెలలుగా రోడ్ల మీద, సైడు కాలువల్లో పేరుకున్నదంతా ఆ ఒక్క వానకే వచ్చిపడుతుంది. పలచటి కవర్లు, సీసా మూతలు, చెవి పుల్లలు, థర్మాకోల్ ముక్కలు, లెక్కపెట్టలేనన్ని సిగరెట్ పీకలు. ఆ పీకల్లో ఉండేది దూది అని చాలామంది అనుకుంటారు, అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. అమెరికాలోని టెక్సస్ తీరంలో 1986లో మొదలై ఇప్పుడు ఎన్నో దేశాల్లో జరుగుతున్న అంతర్జాతీయ తీర పరిశుభ్రతా దినంలో ఏళ్ల తరబడి అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ఈ పీకలే. ఒడ్డున ఇసుకలో కలిశాక ఒక్కోటీ వంగి ఏరాలి. తూము దగ్గర అయితే గంపతో ఎత్తవచ్చు.

కంటికి కనబడే చెత్త ఒక వంతు మాత్రమే. నీటి నాణ్యత కొలిచే బృందం సెక్కి పళ్లెం తయారు చేసుకుంది. గుండ్రటి పళ్లేనికి తెలుపు, నలుపు రంగులు వేసి, గుర్తులున్న తాడు కట్టి నీటిలోకి దించుతారు. కనబడకుండా పోయిన లోతును రాసుకుంటారు. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి తెల్ల పళ్లెంతో ఆరంభించిన ఈ పద్ధతి ఇప్పటికీ చెల్లుతోంది. దీనితోపాటు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కిట్‌తో కొలుస్తున్నాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలకు ఆ నీళ్లు పనికిరావు.

మొదట్లో అందరికీ వీలైన వేళ అని పగటిపూట కొలిచేవారు, అంకెలు బాగానే ఉండేవి. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు, బాక్టీరియా ఆక్సిజన్ వాడుకుంటాయి. కాబట్టి కొలవాల్సింది పొద్దు పొడవకముందు. బృందంలోని సభ్యురాలు ఒకరు ఈ సంగతి ఎత్తి చూపాక వేళ మార్చారు. అప్పుడు ఒక కాలువ నిజ స్వరూపం బయటపడింది. ఎగువకు నడుచుకుంటూ వెళ్తే శుద్ధి కాని మురుగు కలుస్తున్న గొట్టం కనిపించింది. కొలతల కాగితాలు, ఫొటోలు జతచేసి సంబంధిత అధికారులకు ఇచ్చాం. మరమ్మతు మొదలైంది, ఇంకా పూర్తి కాలేదు. పూర్తయ్యేదాకా ఆ తూము దగ్గర తెల్లవారుజాము కొలతలు ఆపం.

కాలువకూ డాల్ఫిన్‌కూ ఏమిటి సంబంధమని అడిగేవారికి పీసీబీల (పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్ల) కథ చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన ఈ రసాయనాలను 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. అయినా అవి బురదలో మిగిలే ఉన్నాయి. పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చిక్కబడుతూ వచ్చి డాల్ఫిన్ కొవ్వులో చేరతాయి. మగ డాల్ఫిన్‌లో జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఆడదానిలో మాత్రం పాలిచ్చే కాలంలో తగ్గుతాయి. ఎందుకంటే పాలలో కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వుతోపాటు విషం పిల్లలోకి దిగుతుంది. తల్లి అన్నేళ్లుగా పోగుచేసుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి పిల్లకే చేరుతుంది. కాలువలో ఒకరు ఒంపిన డబ్బా, పుట్టని పిల్ల కోసం అక్కడ వేచి ఉంటుంది. దీన్ని ఒడ్డున ఏరి తీయలేం.

వరద మరో సమస్య. ఉప్పు బాగా తగ్గిన నీటిలో వారాల తరబడి చిక్కుకుంటే డాల్ఫిన్ల చర్మం పుండ్లు పడుతుంది. ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండ్ సరస్సుల్లో 2007లో ఇలా జరిగింది. దాన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా నిర్వచించిన పరిశోధన 2020లో వెలువడింది. అందుకే పెద్ద వానల తర్వాత మన ఫొటోల్లో రెక్కలతోపాటు చర్మాన్ని కూడా పరీక్షగా చూస్తున్నాం.

ఒడ్డున

తీరపు పక్షులు కొన్ని పోటు గీతకు కాస్త పైన, బయలు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పక్కనే నిలబడినా గుడ్లు కనబడవు. గూళ్లున్న కాలంలో ఆ చోట్ల తాళ్లు కట్టాం. కుక్కలను పట్టుకుని నడవమని కోరాం. చెత్త ఏరేటప్పుడు అలలు తెచ్చిన నాచును ముట్టుకోవద్దు. అందులోని చిన్న పురుగులే ఈ పక్షుల మేత. ప్లాస్టిక్ తీసి నాచును అక్కడే వదిలేయండి.

తాబేళ్ల పిల్లలు గూటినుంచి బయటికి రాగానే వెలుతురు ఎక్కువున్న దిక్కుకు నడుస్తాయి. దీపాలు లేని తీరంలో ఆ దిక్కు సముద్రమే. దీపాలుంటే రోడ్డు అవుతుంది. ఒడ్డుకు ఎదురుగా ఉన్న ఇళ్లవారితో మాట్లాడి కొన్ని దీపాలకు తొడుగులు వేయించాం, తెల్ల బల్బుల బదులు ముదురు పసుపువి పెట్టించాం.

శిక్షణ

ఒడ్డున పడిన డాల్ఫిన్ బతికే ఉంటే ఏం చేయాలో ప్రతి సభ్యుడికీ నోటికి రావాలి. ముందు వన్యప్రాణి అధికారులకు ఫోన్. తర్వాత గుంపును దూరం జరపడం, నిశ్శబ్దం. దాన్ని బోర్లా నిలిపి ఉంచాలి. నీడ పట్టాలి. తడి గుడ్డ కప్పాలి, కానీ నెత్తిమీది శ్వాస రంధ్రాన్ని వదిలేయాలి. అందులో చుక్క నీరు పడకూడదు. పక్క రెక్కల కింద ఇసుక తవ్వితే బరువు వాటి మీద పడదు. తోక పట్టి లాగవద్దు, నీటిలోకి నెట్టవద్దు. జబ్బుతో ఒడ్డు చేరినదాన్ని మళ్లీ నీటిలోకి తోస్తే అక్కడ ఒంటరిగా చస్తుంది. బడి పిల్లలకు కూడా ఇదే పాఠం చెప్పాం, పెద్దలకంటే వాళ్లకే బాగా గుర్తుంది.

సమావేశం ముందుకు వచ్చే అంశాలు

తూముల కావలిని ఏడాది పొడవునా నడిపే శాశ్వత బృందంగా మార్చడం, ఒడ్డు శుభ్రతను నెలకు ఒకసారికి తగ్గించి మిగిలిన సమయాన్ని కాలువలకు ఇవ్వడం, వలల తొట్టెల నిర్వహణలో మత్స్యకారుల ప్రతినిధికి కార్యవర్గంలో చోటు ఇవ్వడం. ఈ మూడింటి మీద ఓటింగ్ ఉంటుంది. రెండో అంశం మీద సభ్యులలో భిన్నాభిప్రాయాలున్నాయని తెలుసు, చర్చకు తగినంత సమయం కేటాయించాం.

తెల్లవారుజాము కొలతల జాబితాలో ఇంకా ఖాళీలున్నాయి. ఆ వేళకు లేవగలిగినవారు సమావేశానికి ముందే పేర్లు నమోదు చేయించుకోవాలని మనవి. కిట్ వాడటం బృందం నేర్పుతుంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి