మందులిచ్చే వేళ వార్డు ఫోన్లకు విరామం కావాలి

సంపాదకులకు నమస్కారం.

పనిలో ఏకాగ్రత అనగానే ఉద్యోగి తన మనసును అదుపులో పెట్టుకోవాలన్న సలహాయే వినిపిస్తుంది. పదిహేనేళ్లుగా ఆసుపత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నాకు అందులో సగమే నిజం కనిపిస్తోంది.

ఉదయం టిఫినుకు ముందు ఇన్సులిన్ ఇచ్చే అరగంటనే తీసుకోండి. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. మొదటి రకానికి ఎర్ర మూత సిరంజి, రెండో రకానికి నారింజ మూత సిరంజి వాడాలి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు కనుక, 100 యూనిట్ల మందును అందులోకి ఆ గీత దాకా తీస్తే, రోగి ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. గత నెలలో నేను సరిగ్గా ఆ పనే చేయబోయాను. సీసా చేతిలో ఉండగానే, నిన్నటి రిజిస్టరు ఫొటో వెంటనే పెట్టమని వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. అంతలోనే పక్క మంచం దగ్గరి నుంచి "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అన్న పిలుపు వినిపించింది. రెండు పనులూ ముగించుకుని వచ్చి ట్రేలో చేతికందిన సిరంజి తీసుకుని, మూత తీయబోతూ దాని రంగు చూసి ఆగిపోయాను. అప్పటికే చొక్కా పైకి లాగి సిద్ధంగా ఉన్న ఆ పెద్దాయనకు ఈ సంగతేమీ తెలియదు.

సెలైన్ పిలుపు తప్పనిది, రోగి పక్కనున్నవారు మమ్మల్ని కాక ఇంకెవరిని పిలుస్తారు? రిజిస్టరు ఫొటో మాత్రం గంట ఆగినా ఎవరికీ నష్టం లేదు.

1974లో అమెరికాలోని షార్లెట్ దగ్గర దిగబోతున్న విమానం కూలి 70 మందికి పైగా మరణించినప్పుడు, చివరి నిమిషాల్లో పైలట్లు పనికి సంబంధం లేని కబుర్లలో ఉన్నట్టు దర్యాప్తులో బయటపడింది. అటువంటి ప్రమాదాల దరిమిలా, టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లోనూ, సాధారణంగా 10,000 అడుగులకు దిగువన ఎగురుతున్నప్పుడూ కాక్‌పిట్‌లో అనవసరమైన మాట గానీ పని గానీ ఉండరాదని 1981లో అక్కడ నిబంధన తెచ్చారే తప్ప, పైలట్లకు ఏకాగ్రత మీద ఉపన్యాసం ఇప్పించి ఊరుకోలేదు.

మందులిచ్చే వేళల్లో వార్డు సిబ్బందిని ఫొటోలు, లెక్కలు అడగరాదని, అత్యవసరమైతే వార్డు ల్యాండ్‌లైనుకే ఫోన్ చేయాలని ఆరోగ్యశాఖ అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. రీల్స్ చూసే అలవాటు మాలోనూ లేకపోలేదు కనుక, ఆ కాసేపు మా సొంత ఫోన్లను డ్రాయరులో పెట్టి తాళం వేయమన్నా నాకు అభ్యంతరం లేదు.

- ఒక స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా