గుడి ఎవరిదో తేల్చారు, గెట్టు ఎక్కడో తేల్చలేదు

సంపాదకులకు నమస్కారం.

థాయిలాండ్, కంబోడియా గొడవ గురించి పోయినేడు వచ్చిన వార్తలన్నీ చదివాను. యుద్ధ విమానాలు, రాకెట్లు, ఎవరి సైన్యం ఎంత, అంతా ఇదే. అసలు ఏ గెట్టు దగ్గర మొదలైందో మాత్రం నాకెక్కడా కనిపించలేదు. వరంగల్ చుట్టుపక్కల మండలాల్లో ముప్పై ఏళ్లు గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ణి, అందుకే రాస్తున్నాను.

ఆ రెండు దేశాల సరిహద్దులో ఉన్న డాంగ్రెక్ కొండల అంచున ప్రీహ్ విహార్ అనే శివుడి గుడి ఉంది, మన రామప్ప కంటే పాతది. కంబోడియా ఫ్రాన్స్ చేతిలో ఉన్న రోజుల్లో, 1904లో, ఫ్రాన్సూ సియామూ (ఇప్పటి థాయిలాండ్) ఒప్పందం రాసుకున్నాయి. వాన నీళ్లు రెండు దిక్కులా విడిపోయే కొండ గట్టే హద్దు అన్నారు. 1907లో ఫ్రెంచి అధికారులు తయారుచేసిన నక్షలో మాత్రం గుడి కంబోడియా వైపు పడింది. కాగితంలో ఒక మాట, నక్షలో ఒక గీత, మా పనిలో ఇంతకు మించిన తలనొప్పి లేదు. సియాం వాళ్లు ఆ నక్ష తీసుకున్నారు, ఇంకొన్ని కాపీలు కూడా అడిగారు, ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పలేదు. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం గుడి కంబోడియాదే అనడానికి పెద్ద కారణం ఆ ఊరుకోవడమే. నోటీసు అందుకుని కూడా సర్వే రోజు పొలం కాడికి రాని రైతులకు ఇదే మాట ఎన్నిసార్లు చెప్పానో.

అయితే గుడి చుట్టూ ఎంత మేర అన్నది ఆ తీర్పులో గీయలేదు. ముడి అక్కడే పడింది. గుడి దగ్గర గొడవంతా 4.6 చదరపు కిలోమీటర్ల మీద, అంటే సుమారు 1,136 ఎకరాలు, మన దగ్గర చాలా ఊళ్ల శివారు ఇంతకంటే పెద్దది. 2008 జులైలో కంబోడియా అడిగితే యునెస్కో ఆ గుడికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది, ఆ నెలలోనే రెండు సైన్యాలు ఎదురెదురుగా దిగాయి. 2011లో ఫిరంగులు పేలాయి. 2021లో రామప్పకు అదే హోదా వచ్చినప్పుడు మేం పిల్లల్ని తీసుకుని పాలంపేట వెళ్లి వచ్చాం, అక్కడేమో ఊళ్లు ఖాళీ అయ్యాయి.

2013లో కోర్టు మళ్లీ వివరణ ఇచ్చింది. అయినా మిగతా సరిహద్దులో చాలాచోట్ల తకరారు అట్లాగే ఉంది. 2025 మేలో ఇంకో చోట చిన్న ఘర్షణలో ఒక కంబోడియా సైనికుడు చనిపోతే, జులై వచ్చేసరికి అది ఐదు రోజుల యుద్ధమైంది. రెండు లక్షలకు పైగా జనం మూటాముల్లె కట్టుకుని ఇళ్లు వదిలారు, మలేషియా మధ్యలో కూర్చుంటే గానీ ఆగలేదు, డిసెంబరులో మళ్లీ రాజుకుంది. గెట్టు పంచాయితీలో రాయి తేవడం ఆలస్యమైతే గొడ్డళ్లు బయటికొస్తాయని మా పెద్ద సర్వేయర్ అనేవారు, ఆ వార్తలు చదువుతుంటే నాకు టెన్షన్‌గా అదే గుర్తుకొచ్చింది.

ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడు విమానం ఫొటో చిన్నది చేసైనా సరే, పక్కన ఒక నక్ష అచ్చు వేయండి. ఒప్పందం ప్రకారం హద్దు ఒక రంగులో, ఫ్రెంచి వాళ్ల గీత ఇంకో రంగులో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయర్, హన్మకొండ