కార్యదర్శి వార్షిక నివేదిక: షుగర్ తొలి గుర్తులపై ఈ ఏడాది పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు నివేదిక ఉంచాలన్నది మన నిబంధన. నిబంధన లేకపోయినా రాసేవాణ్ణే, ఏ పని ఎవరు చేశారో కాగితం మీద ఉండాలి కదా. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను. కార్యవర్గం నెలనెలా కూర్చుంది, రెండుసార్లు కోరం లేక లేచిపోయింది.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది నవంబర్ 14 శిబిరం. అది ప్రపంచ మధుమేహ దినం, ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో పుట్టిన రోజు. ఆ రోజే ఎందుకు పెట్టారని ఒక సభ్యుడు అడిగితే మన కోశాధికారి మాత్రం "హాలు ఆ రోజే దొరికింది" అన్నారు.

మామూలు శిబిరాల్లో వేలికి సూది గుచ్చి, అంకె చెప్పి పంపేస్తారు. మనం సూది కంటే ముందు కూర్చోబెట్టి మాట్లాడించాం. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? నీళ్ళు తాగినా నోరు ఎండిపోతోందా? బట్టలు వదులయ్యాయా? చూపు మసకబారుతోందా? చిన్న గాయం మానడానికి ఎన్నాళ్ళు పడుతోంది? చాలామందికి ఏదో ఒక గుర్తు ఉంది, దానికో సాకూ ఉంది. రాత్రి లేవడం వయసు వల్లట, దాహం ఎండ వల్లట, నీరసం ఆఫీసు టెన్షన్ వల్లట. బరువు తగ్గడమైతే వాకింగ్ మహిమ! పదేపదే వచ్చే దురద గురించి ఆడవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పుకోడానికి విడిగా గది ఇచ్చాం. ఆ ఆలోచన మహిళా విభాగానిది, నాది కాదు.

నీళ్ళు ఎక్కువ తాగుతున్నాం కాబట్టే మూత్రం ఎక్కువ వస్తోందని అనుకుంటాం. జరిగేది దానికి తిరగేసి అని డాక్టరుగారు చెప్పారు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. అది బయటికి పోతూ నీటిని వెంట లాక్కుపోతుంది. దాహం ఆ తర్వాత వస్తుంది.

పాదాల పరీక్ష దగ్గర ఒకాయన బూటు విప్పితే చిన్న రాయి కింద పడింది. పొద్దుటి నుంచి దాని మీదే నడుస్తున్నారట, తెలియలేదు. అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉండేదని, ఈ మధ్య అదీ లేదని, తగ్గిపోయిందనుకున్నానని అన్నారు. తగ్గింది చీమలు కాదు, స్పర్శ. ఆయన వచ్చింది పరీక్షకు కాదు, కుర్చీలు సర్దడానికి.

ఏ గుర్తూ లేకుండా ఏళ్ళతరబడి షుగర్ ఉండొచ్చు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్ళు, అధిక బరువున్నవాళ్ళు, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ళు గుర్తుల కోసం ఎదురుచూడకూడదు. కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ల్యాబులో చేయించిన పరీక్షలో 100 లోపుంటే మామూలు, 100 నుంచి 125 హెచ్చరిక, 126 లేదా ఆపైన వస్తే షుగర్ కింద లెక్క, మరోసారి చేసి నిర్ధారిస్తారు. పిల్లల సంగతి వేరు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలై, దాహంతో చిక్కిపోతుంటే ఆలస్యం చేయొద్దు. వాంతులు, ఆయాసం కూడా ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి.

ఇక చెప్పక తప్పనివి. పేర్లిచ్చిన వాలంటీర్లు పన్నెండు మంది, వచ్చింది ఐదుగురు. ఒకరు రక్తం చుక్క వేసి షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేశారు. తేమ తగిలితే అంకెలు నమ్మలేం కాబట్టి డబ్బా మొత్తం పారేశాం. పండు తిన్న చేత్తోనే వేలు చాచిన ఒకరికి అంకె చూసి గుండె జారింది. సబ్బుతో కడిగించి మళ్ళీ చేస్తే మామూలే. చేతులు కడిగించే డ్యూటీ వాలంటీరు ఆ రాని ఏడుగురిలో ఒకరు. ల్యాబు పరీక్షల్లో సాయం కోరుతూ సంబంధిత అధికారులకు మూడు ఉత్తరాలు రాశాం. అందినట్టు రసీదులున్నాయి, జవాబు లేదు.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో చివరి పేజీలో ఉన్నాయి, చూసి ఆమోదించగలరు.

సాయంత్రం దాకా కుర్చీ కదలని డాక్టరుగారికి, నర్సులకు, హాలు ఇచ్చినవారికి, అందరూ వెళ్ళాక నేల ఊడ్చిన ఇద్దరు కుర్రాళ్ళకు, ఆ ఐదుగురికీ కృతజ్ఞతలు.

ల్యాబు పరీక్షకు వెళ్ళమన్నవారి పేర్లు నా నోట్‌బుక్కులో ఉన్నాయి. రిపోర్టు చూపించినవారి పక్కన టిక్కు పెడుతున్నాను. టిక్కు లేనివాళ్ళలో కార్యవర్గ సభ్యులు ఇద్దరున్నారు. సమావేశం రోజున నోట్‌బుక్కు తెస్తాను.

కార్యదర్శి