సిమెంటు రిపోర్టు కొనే ముందు

విజయవాడ

చిరంజీవి సింధుకు,

నాన్న ఆశీస్సులు. సిమెంటు షేరుకి విలువ కట్టాలి, ఇండస్ట్రీ రిపోర్టు కొనాలి, యాభై వేలు పంపమని ఫోన్‌లో అడిగావు. పంపలేక కాదమ్మా. అందులో ఉండేదాంట్లో చాలా భాగం ఊరికే దొరుకుతుంది, ముందు అది చదువు.

ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి, వచ్చే కంపెనీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి తన వివరాలన్నీ రాసిన ప్రాస్పెక్టస్ ఇస్తుంది కదా. అందులో 'ఇండస్ట్రీ ఓవర్‌వ్యూ' అని పెద్ద అధ్యాయం ఉంటుంది. చాలాసార్లు అది క్రిసిల్ లాంటి రేటింగ్, పరిశోధన సంస్థకు డబ్బిచ్చి రాయించిందే. నువ్వు చూస్తున్న కంపెనీ ఎప్పుడో లిస్టయినా ఫర్వాలేదు, దాని పోటీదారు ఈ మధ్య వచ్చి ఉంటే చాలు. నువోకో విస్టాస్ 2021లో, జేఎస్‌డబ్ల్యూ సిమెంట్ 2025లో వచ్చాయి. వాటితో మొదలుపెట్టు. అయితే ఆ రాతకు డబ్బిచ్చింది షేర్లు అమ్ముకునేవాడే. పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి గురించి చెప్పినట్టు ఉంటుంది. జరిగిపోయిన ఏళ్ల అంకెలు తీసుకో, రాబోయే ఏళ్ల గిరాకీలో మాత్రం బాగా కోత పెట్టు.

తర్వాత ఇక్రా, కేర్ అనే రేటింగ్ సంస్థల సైట్లలో రేటింగ్ నోట్లు చూడు, కంపెనీ అప్పు తీర్చగలదా లేదా అని రాసేవి అవే. లిస్టు కాని సిమెంటు కంపెనీలవి కూడా ఉంటాయి. రేటింగుకు డబ్బిచ్చేది కంపెనీయే అయినా చదివేది అప్పిచ్చేవాడు, అందుకని కష్టాలు కూడా రాస్తారు. కాన్‌కాల్ ట్రాన్‌స్క్రిప్టులు, అంటే ఫలితాల మీద యాజమాన్యం అనలిస్టులతో ఫోన్లో మాట్లాడినదాని రాతప్రతులు, స్టాక్ ఎక్స్ఛేంజి సైట్లలోనే ఉంటాయి. రంగాలవారీ పీఈలు (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో), బీటాలు (మార్కెట్‌తో పోలిస్తే షేరు ఎంత ఊగుతుందో) కావాలంటే షేర్ల విలువ కట్టడం నేర్పే ప్రొఫెసర్ అశ్వథ్ దామోదరన్ గారు ఏటా జనవరిలో ఉచితంగా పెడతారు.

ఇక ఏ రిపోర్టూ సరిగ్గా చెప్పనిది ధర. సిమెంటు బరువెక్కువ, ఖరీదు తక్కువ. దూరం పోతే లారీ కిరాయి లాభాన్ని తినేస్తుంది. అందుకే దేశం మొత్తం సగటు ధర పట్టుకుంటే లెక్క తప్పుతుంది. పైగా మన దక్షిణాదిలో గిరాకీకి మించి ఫ్యాక్టరీలున్నాయి. ఒక నెల రేటు పెంచామంటారు, అమ్మకాలు కదలకపోతే వెనక్కి తీసుకుంటారు. బిల్లు మీద రేటు ఒకటి, నెలాఖరున క్రెడిట్ నోటుగా, అంటే డీలరు బాకీలో తగ్గిస్తూ కంపెనీ ఇచ్చే చీటీగా, వచ్చే డిస్కౌంటు ఇంకొకటి. పత్రికలో వచ్చేది మొదటిది. నీకు కావాల్సింది రెండోది తీసేశాక మిగిలేది. అది నువ్వడిగితే మన సిమెంటు కొట్లో చూసి చెబుతాను, గుంటూరులో ఇద్దరు డీలర్లనూ కనుక్కుంటాను.

యాభై కిలోల బస్తాలు ఇరవై అయితే టన్ను. కౌంటర్లో బస్తాకి పది రూపాయలు తగ్గితే టన్నుకి రెండొందలు. అందులో జీఎస్టీ పోను కంపెనీకి తగ్గేది నూట డెబ్బై దాకా. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 28 శాతం కాదు, 18. పాత ధరలతో పోల్చేటప్పుడు ఇది మర్చిపోకు. టన్నుకి ఎనిమిదొందలు మిగిలే కంపెనీకి ఈ నూట డెబ్బై ఎంత దెబ్బో నువ్వే చూడు.

ఇవన్నీ చూశాక కూడా ఫలానా పట్టిక దొరకలేదని తేలితే అప్పుడు డబ్బు సంగతి మాట్లాడదాం. ఈలోగా ఆ కంపెనీకి బస్తాకి ఎంత మిగులుతోందో లెక్కగట్టి వాట్సాప్ చెయ్.

మీ నాన్న